మా సాలిగ్రామం ఇంట్లో బ్లాక్ ఐడ్ పీస్

బ్లాక్ ఐడ్ పీస్ అనే అమెరికా హిప్‌హాప్ గ్రూపు అంటే ఇప్పటి పిల్లలకి పెళ్లి సంగీత్‌లో డీజే తప్పకుండా వేసే పాట. నా ఈడు వాళ్లలో చాలామందికి 2009లో మోగిన డ్యాన్స్ పాటలు, అంతే. దానికి ముందు వాళ్లు ఏం చేశారో ఎవరికీ పట్టదు. మాట ఎత్తితే చాలు, "అసలు హిప్‌హాప్ వదిలేసి డబ్బు కోసం డ్యాన్స్ మ్యూజిక్‌లోకి దూకారు" అని తీర్పు తయారుగా ఉంటుంది. నాకు ఆ తీర్పుతో పేచీ ఉంది. ఆ గ్రూపు పైకి రావడం నేను చెన్నైలో, ఒక రిథమ్ ఆర్టిస్టు ఇంట్లో కూర్చుని విన్నాను. అందుకని నా లెక్క కాస్త వేరు.

ఆ రిథమ్ ఆర్టిస్టు మా బాబాయి. డెబ్భైల చివర్లో నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి, సినిమా రికార్డింగుల్లో తబలా, డోలక్, కాంగో వాయిస్తూ సాలిగ్రామంలో స్థిరపడ్డాడు. షూటింగులు హైదరాబాద్ వెళ్లిపోయాక కూడా తెలుగు పాటలు చాలాకాలం అక్కడే రికార్డయ్యేవి. వడపళని, కోడంబాక్కం, సాలిగ్రామం సందుల్లో ఏ మేడ ఎక్కినా ఒక వయొలినిస్టో, ఫ్లూటిస్టో, కోరస్ పాడే అమ్మాయో ఉండేది. అందులో సగం మంది మనవాళ్లే. పొద్దున్నే స్కూటర్ ముందు డోలక్ నిలబెట్టుకుని, వెనక తబలా సంచీ కట్టుకుని స్టూడియోలకు బయల్దేరేవాళ్లు. కాల్‌షీట్‌కి ఇంత అని డబ్బు. పాట హిట్టయినా అంతే, ఫట్టయినా అంతే.

నాన్నది ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం. నా చదువు చెడిపోతుందని నన్ను బాబాయి ఇంట్లో పెట్టారు. 2003లో నేను ప్లస్ టూ. అప్పటికే బాబాయికి పిలుపులు తగ్గాయి. స్టూడియోలో పదిమంది రిథమ్ వాళ్లు కూర్చునే చోట ఒక కుర్రాడు కీబోర్డూ కంప్యూటరూ పెట్టుకుని ప్రోగ్రామింగ్ చేసేస్తున్నాడు. బాబాయి ఇంట్లో ఉండే రోజులు ఎక్కువయ్యాయి. పిన్ని సాయంత్రం పూట హాల్లో చాప పరిచి చుట్టుపక్కల పిల్లలకు సంగీతం చెప్పేది. ఆ ఫీజుల మీద ఇల్లు కొంత నడిచేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఏడాదే టీవీ గొడవ కూడా. సెప్టెంబరు 1 నుంచి పే ఛానెల్స్ చూడాలంటే సెట్‌టాప్ బాక్స్ కొనాలన్నారు. మిగతా మహానగరాలన్నీ వెనక్కి తగ్గాయి, ఒక్క చెన్నైలోనే ఆ క్యాస్ పద్ధతి అమలైంది. మా ఇంట్లో బాక్స్ కొనలేదు. ఒక్కరాత్రిలో సగం ఛానెళ్లు మాయం. కొత్త పాట ఏదైనా వినాలంటే ఇక బర్మా బజారే గతి.

కోడంబాక్కంలో ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కితే బీచ్ స్టేషన్‌లో దిగడం. రోడ్డు దాటితే వరసగా గూళ్లలాంటి దుకాణాలు. బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళులకు బతుకుతెరువుగా మొదలైన బజారు అది. మా కాలానికి వాచీలు, టార్చిలైట్లు, సెంటు సీసాలతో పాటు సీడీలు. ఎంపీత్రీ సీడీ ఒకటి కొంటే నూటయాభై పాటలు. కవరు మీద బొమ్మ ఒకరిది, లోపల పాటలు ఇంకొకరివి. అలా ఏదో పాప్ కలెక్షన్ కొంటే అందులో ఒక ఫోల్డర్ నిండా బ్లాక్ ఐడ్ పీస్ వాళ్ల ఎలెఫంక్ ఆల్బమ్ ఉంది. స్పెల్లింగ్ చూసి తప్పు టైపు చేశారనుకున్నాను.

మొదట పట్టుకున్నది "వేర్ ఈజ్ ద లవ్". అమెరికాలో సెప్టెంబరు 11 దాడుల తర్వాత పుట్టిన పాట. బ్రిటన్‌లో 2003లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన సింగిల్ అదే. అమెరికాలో మాత్రం మొదటి స్థానం దాకా వెళ్లలేదు, ఎనిమిది దగ్గర ఆగింది. స్కూల్లో ఫేర్‌వెల్‌కి మా క్లాసు వాళ్లు దాన్నే పాడారు. ర్యాప్ భాగం వచ్చేసరికి ఊపిరాడక ముగ్గురు పంచుకున్నారు. మా తమిళ్ మాస్టారు ముందు వరసలో కూర్చుని, "ఇది పాటా, పాఠమా?" అన్నారు. నిజానికి రెండూను.

పాట నచ్చితే దాని వెనక ఎవరున్నారో తవ్వే జబ్బు నాకు అప్పుడే మొదలైంది. గంటకు ఇంతని బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చుని వీళ్ల కథ చదివాను. ఇది రాత్రికి రాత్రి స్టార్లయిన కథ కాదు. లాస్ ఏంజెలెస్ తూర్పు వైపు పేదల కాలనీలో పెరిగిన నల్లజాతి కుర్రాడు విల్ ఐ యామ్. ఫిలిప్పీన్స్ నుంచి పద్నాలుగేళ్లప్పుడు అమెరికా వచ్చిన యాపిల్ డి యాప్. ఇద్దరూ ఎనిమిదో తరగతిలో కలిశారు. ముందు డ్యాన్సర్లు, తర్వాతే ర్యాపర్లు. 1992లో గ్యాంగ్‌స్టా ర్యాప్‌కి పేరుమోసిన ఈజీ-ఈ వీళ్లను తన కంపెనీలో చేర్చుకున్నాడు. వీళ్లేమో తుపాకుల పాటలు పాడరు, శాంతి గురించి పాడతారు, మధ్యలో గిరగిరా తిరిగి డ్యాన్సు చేస్తారు. కంపెనీలో వాళ్లకు వీళ్లను ఏం చేసుకోవాలో తెలియలేదు. ఒక ఆల్బమ్ తయారై అలాగే మూలపడింది, బయటికే రాలేదు. 1995లో ఈజీ-ఈ చనిపోయాడు. అప్పుడు టబూ అనే ఇంకో డ్యాన్సర్‌ని కలుపుకుని బ్లాక్ ఐడ్ పీస్ అని పేరు మార్చుకుని మళ్లీ మొదట్నుంచి మొదలెట్టారు.

1998లో ఒక ఆల్బమ్, 2000లో ఇంకొకటి. రెండూ మెచ్చుకున్నవాళ్లే గానీ కొన్నవాళ్లు తక్కువ. అప్పట్లో వీళ్ల ప్రత్యేకత ఏమిటంటే స్టేజి మీద నిజమైన బ్యాండు పెట్టుకుని ర్యాప్ చేయడం. డ్రమ్స్, బాస్, కీబోర్డు అన్నీ మనుషులే వాయించేవాళ్లు. ఈ ముక్క చెప్పగానే బాబాయి మొహంలో గౌరవం కనిపించింది. "కాల్‌షీట్లు ఇస్తున్నారన్నమాట" అన్నాడు.

ఎలెఫంక్‌కి ఫెర్గీ వచ్చి చేరింది. అంతకుముందు ఆమె ఒక అమ్మాయిల పాప్ గ్రూపులో పాడేది, చిన్నప్పుడు పిల్లల టీవీ షోలో చేసింది. పాత అభిమానులు అక్కడే ముఖం తిప్పుకున్నారు. అమ్ముడుపోయారన్న మాట మొదటిసారి వినిపించింది అప్పుడే, 2009లో కాదు. ఆ ఏడాదే ఐపాడ్ ప్రకటనలో రంగురంగుల తెర ముందు నల్లటి నీడలు గంతులేసేవి చూడండి, వెనక మోగింది వీళ్ల "హే మామా". మాకు ఐపాడ్ ఎలా ఉంటుందో తెలియదు గానీ పాట మాత్రం వచ్చు.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం మధ్యాహ్నం. బాబాయి వరండాలో చాప మీద కూర్చుని తబలా శ్రుతి చేసుకుంటున్నాడు. ఎడమ చేత్తో తబలాను తిప్పుతూ, కుడి చేతిలో చిన్న సుత్తితో తోలు పట్టీల కింద ఉన్న చెక్క గట్టాలను ఒక్కొక్కటీ కిందికి కొడుతూ, ప్రతి దెబ్బకీ వేలితో అంచు మీద "నా" అని మోగించి వింటున్నాడు. నేను లోపల కంప్యూటర్ స్పీకర్లో ఎలెఫంక్ పెట్టి లెక్కలు చేసుకుంటున్నాను. నా దగ్గరున్న కాపీలో చివర్లో "ఎలెఫంక్ థీమ్" అని ఒకటుంది. దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. అది మొదలైంది. బయట సుత్తి చప్పుడు ఆగింది.

"ఏరా, అది మళ్లీ వెయ్యి."

వేశాను. బాబాయి సుత్తి చేత్తో పట్టుకునే లోపలికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది రాజా సార్‌దిరా."

నేను నవ్వాను. ఇళయరాజాకీ లాస్ ఏంజెలెస్‌కీ ఏమిటి సంబంధం? బాబాయి నవ్వలేదు. కళ్లు మూసుకుని తొడ మీద రెండు ఆవర్తాలు తట్టి, సినిమా పేరు కూడా చెప్పేశాడు. 1985లో వచ్చిన రాఘవేంద్రస్వామి సినిమా, రజనీకాంత్‌కి నూరోది. పిన్ని వంటింట్లోంచే "అవునండీ, అదే" అంది.

బర్మా బజారు సీడీకి వివరాల పుస్తకం ఉండదు కదా. నుంగంబాక్కం ల్యాండ్‌మార్క్‌కి వెళితే ఒరిజినల్ సీడీ ఉంది గానీ సీలు వేసి ఉంది, విప్పనివ్వరు. చాన్నాళ్లకు అమెరికా నుంచి వచ్చిన ఒక స్నేహితుడి అన్నయ్య దగ్గర ఆ బుక్‌లెట్ దొరికింది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: "ఉనక్కుం ఎనక్కుం", ఇళయరాజా. జిరాక్స్ తీయించి ఇంటికి తెచ్చాను. బాబాయి కళ్లజోడు పెట్టుకుని చదివి, "నేను చెప్పలా" అనైనా అనలేదు. "రాసినాయనకి పేరు వేశారు, మంచిదే. వాయించినవాళ్లకి ఏమైనా వస్తుందంటావా?" అని అడిగాడు.

రాదు. పాట ముక్కను వాడుకుంటే రాసినవాళ్లకూ రికార్డు హక్కులున్న కంపెనీకీ డబ్బు వెళుతుంది. ఆ రోజు స్టూడియోలో కూర్చుని చెమటోడ్చి వాయించినవాళ్లకు ఆ రోజు కాల్‌షీట్‌తోనే లెక్క తీరిపోయింది. ఆ మాటే చెప్పాను.

"నువ్వు ఆ పాటలో ఉన్నావా బాబాయ్?"

"ఏమోరా. వెళ్లేవాళ్లం, సార్ రాసిచ్చిన నొటేషన్ ఎక్కించుకునేవాళ్లం, వాయించేవాళ్లం. ఏ పాట ఏ సినిమాదో రిలీజయ్యాక తెలిసేది. ఒక్కోసారి అదీ లేదు."

జిరాక్స్ కాగితం తీసుకెళ్లి యూనియన్ కార్డు పెట్టుకునే పాత సూట్‌కేసులో పెట్టుకున్నాడు. నిజంగా ఆయన వాయించాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. వాయించాడనే మా కజిన్లందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అదే ఆల్బమ్‌లో "ది యాపిల్ సాంగ్" నాకు ఇంకోరకంగా దగ్గరైంది. ఇంగ్లీషు ర్యాప్ మధ్యలో ఉన్నట్టుండి టగాలోగ్‌లో పల్లవి వస్తుంది, ఒక పాత ఫిలిప్పీన్స్ పాటలోది. యాపిల్ డి యాప్ తన ఊరు తిరిగి వెళ్లడం గురించి చెప్పుకుంటాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన వాడికి అది విడమర్చి చెప్పక్కర్లేదు. అర్థం తెలియకపోయినా ఆ పల్లవి నాకు నోటికి వచ్చేసింది. ఇప్పటికీ తప్పుల్తో పాడగలను.

2005లో మంకీ బిజినెస్ వచ్చేసరికి నేను ఇంజినీరింగ్‌లో ఉన్నాను. "డోంట్ ఫంక్ విత్ మై హార్ట్" వినగానే హాస్టల్ మొత్తం ఒక్కసారి "రేయ్, ఇది డాన్ పాట!" అంది. ఇందులో తవ్వి తీయడానికేం లేదు, తెరిచిన పుస్తకం. కల్యాణ్‌జీ ఆనంద్‌జీ చేసిన రెండు హిందీ పాటల ముక్కలు, రెండూ ఆశా భోంస్లే పాడినవి, ఒకటి 1978 డాన్‌లోది. ఎన్టీఆర్ యుగంధర్ ఆ డాన్‌కే మన రూపం, దానికి సంగీతం ఇళయరాజాయే. దీని గురించి బాబాయికి ఫోన్ చేస్తే, "తిరిగి తిరిగి మనింటికే వస్తున్నార్రా వీళ్లు" అన్నాడు. ఆ పాటకి 2006లో గ్రామీ వచ్చింది, ర్యాప్ విభాగంలో! మా హాస్టల్లో హిప్‌హాప్ అంటే ప్రాణమిచ్చే ఒకడు రెండు రోజులు అన్నం మానేసినంత పని చేశాడు.

"పంప్ ఇట్" సంగతి పిన్ని తేల్చింది. సెలవులకి ఇంటికొచ్చి కాలేజ్ కల్చరల్స్‌కి డ్యాన్సు ప్రాక్టీసు చేస్తున్నాం, నేనూ మా మేనత్త కొడుకూ. ఆ గిటార్ 1962లో డిక్ డేల్ వాయించిన "మిసర్లూ"ది, ఆ ట్యూను అంతకన్నా పాతది, మధ్యధరా తీరంలోది. మాకు ఇవన్నీ తెలుసని గొప్పగా చెబుతుంటే పిన్ని, పాఠానికొచ్చిన పిల్లల్ని కూర్చోబెడుతూ, "ఏదైతేనేం, మాయామాళవగౌళ" అంది. ఆ తర్వాత పిల్లలు సరళీ స్వరాలు అందుకున్నారు. స రి గ మ ప ద ని స. విని చూడండి, ఆ స్వరాలే. కర్ణాటక సంగీతంలో ఎవరికైనా మొదటి పాఠం చెప్పే రాగం, అమెరికాలో సముద్రపు అలల మీద ఆడుకునే కుర్రాళ్ల గిటార్‌లో దూరి, ర్యాప్‌లోకి వచ్చి, మళ్లీ సాలిగ్రామంలో మా హాల్లోకి. ఆ డ్యాన్సుకి మాకు ప్రైజు రాలేదు. ప్రైజు కొట్టినవాళ్లు విజయ్ పాటకి చేశారు. చెన్నైలో ఇంకేం చేసినా రాదు, అది వేరే సంగతి.

ఇక్కడొక పక్కమాట. ఇళయరాజా పాటల మీద విదేశాల వాళ్ల కన్ను ఒక్క వీళ్లదే కాదు. 2007లో బ్రిటన్ గాయని ఎం.ఐ.ఏ. తన ఆల్బమ్ మొదటి పాటలో దళపతి పాట ముక్క వాడింది. మనకి "సింగారాల పైరుల్లోన" అంటే తెలుస్తుంది. నాకు అది ఎలెఫంక్ థీమ్ కన్నా ఎక్కువ నచ్చుతుంది కూడా. కానీ మొదటిసారి మొదటిసారే.

ఆ తర్వాత గ్రూపు కొంత నెమ్మదించింది. ఫెర్గీ సొంత ఆల్బమ్, విల్ ఐ యామ్ సొంత ఆల్బమ్. 2008లో విల్ ఐ యామ్ ఒక ఎక్స్‌మెన్ సినిమాలో వేషం వేయడానికి ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడి క్లబ్బుల్లో ఎలక్ట్రానిక్ సంగీతం విని బుర్ర మార్చుకుని వచ్చాడు. ఫ్రెంచ్ డీజే డేవిడ్ గెట్టాని పట్టుకున్నాడు. 2009 జూన్‌లో ది ఎండ్ ఆల్బమ్.

అప్పుడు మా పరిస్థితి వినండి. 2008లో డిగ్రీ చేతికొచ్చింది, క్యాంపస్‌లో ఆఫర్ లెటరూ వచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. అమెరికాలో బ్యాంకులు కూలితే ఇక్కడ మా జాయినింగ్ డేట్లు వాయిదా. వెళుతుంది, వస్తుంది, మళ్లీ వెళుతుంది. ఊళ్లో "ఇంకా చేరలేదా?" అని అడుగుతారని చాలామంది ఇళ్లకు వెళ్లకుండా చెన్నైలోనే గదులు తీసుకుని ఉన్నారు. పెరుంగుడిలో మా తెలుగు బ్యాచ్ గది ఒకటుండేది. ఒకడు నెల జీతం మీద కాల్ సెంటర్‌కి, ఇద్దరు ట్యూషన్లకి, మిగతావాళ్లు టెన్షన్‌కి. ఐట్యూన్స్ స్టోర్ మన దేశానికి 2012 చివరిదాకా రానేలేదు, కాబట్టి పాటలు పెన్‌డ్రైవ్‌లో, బ్లూటూత్‌లో నడిచి వచ్చేవి. ఒకడి నోకియా ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్‌లోంచి గది మొత్తానికి "బూమ్ బూమ్ పౌ" పాకింది, ఆ తర్వాత "ఐ గాటా ఫీలింగ్".

ఆ రెండు పాటలూ అమెరికాలో ఒకదాని వెనక ఒకటి బిల్‌బోర్డ్ మొదటి స్థానంలో కూర్చున్నాయి. మొదటిది 12 వారాలు, అది దిగగానే రెండోది 14 వారాలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, అంటే అర్ధ సంవత్సరం, పైన వీళ్లే. ఇంతకుముందు ఏ గ్రూపూ అలా వరసగా నిలబడలేదు. ఆ సెప్టెంబరులో షికాగో రోడ్డు మీద ఓప్రా విన్‌ఫ్రే షో కోసం ఇరవై వేల మంది ఒకేసారి ఆ రెండో పాటకి స్టెప్పులేసిన వీడియో చూసే ఉంటారు. ముందు వరసలో ఒక్కమ్మాయి మొదలెడుతుంది, మిగతా జనం కదలకుండా నిలబడతారు, తర్వాత వరస వెంట వరస కలుస్తుంది. మా గదిలో దాన్ని బఫరింగ్ అవుతూ అవుతూ చూశాం. ఉద్యోగం లేనివాడికి ఈ రాత్రి బాగుంటుందని ఎవడైనా గట్టిగా చెబితే, అది నిజమా కాదా అని అడగడు. మాంద్యంలో ఆ పాట అంత పెద్దది కావడానికి అదే కారణమని నా నమ్మకం. సరిగ్గా అలాంటి ఏడాదిలోనే వచ్చింది.

చెన్నైలో డ్యాన్స్ ఫ్లోర్ అంటే అప్పట్లో పెద్ద హోటళ్లలో. లోపలికెళ్లడానికి జంట కావాలి, జేబు కావాలి, మా దగ్గర రెండూ లేవు. తీరా ఉద్యోగాలొచ్చాక సముద్రం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఒక రిసార్ట్‌లో ఆఫీసు పార్టీ పెడితే వెళ్లాం. పదకొండు కొట్టగానే పాట మధ్యలో ఆపి లైట్లు వేసేశారు. మాలో ఒకడు అప్పుడే షూస్ విప్పి రంగంలోకి దిగాడు పాపం.

ఈ పాటల గురించి బాబాయి ఏమంటాడా అని నాకు కుతూహలంగా ఉండేది. బ్యాండు పెట్టుకుని ఎదిగిన గ్రూపు చివరికి మెషీన్ బీట్ చేతికి పగ్గాలిచ్చింది. బాబాయి నోటి ముందు కూడు తీసింది కూడా ఆ మెషీనే. తిడతాడనే అనుకున్నాను.

నెల్లూరులో మా అత్త కూతురి పెళ్లి. ముందురోజు రాత్రి కల్యాణ మండపం మేడ మీద కుర్రాళ్లు డీజేని పెట్టారు. తెలుగు పాటలు అయిపోయాక "ఐ గాటా ఫీలింగ్" పడింది. ఆ పాట తెలుసుగా, మొదట దరువు ఉండదు. ఊరిస్తుంది, ఊరిస్తుంది, అప్పుడు వదులుతుంది. ఆ వదిలే చోట వెనక నుంచి డోలక్ మోగింది. చూస్తే బాబాయి, ప్లాస్టిక్ కుర్చీలో, పట్టు పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి. పొద్దున పేరంటాళ్ల పాటలకని తెచ్చిన డోలక్ ఒళ్లో పెట్టుకున్నాడు. కిందనుంచి డుమ్ డుమ్ డుమ్ డుమ్మని నాలుగూ సమానంగా పడుతుంటే, ఈయన ఆ నాలుగింటినీ ముట్టుకోలేదు. వాటి సందుల్లో మాత్రమే వాయించాడు. ఎడమ అరచేయి మడమతో తోలు నొక్కి గుమకలు తీస్తూ, కుడి వేళ్లతో చిటికెడు చిటికెడు దెబ్బలు. డీజే కుర్రాడు తెలివైనవాడు, పాటను పొడిగించి పొడిగించి తిప్పాడు. మామయ్యలు కూడా లేచారు. పిన్ని మాత్రం, "రేపు ముహూర్తానికి చెయ్యి నొప్పి అంటే ఊరుకోను" అంది.

తర్వాత కాఫీ దగ్గర డీజేని పిలిచి స్పీడెంత అని అడిగాడు. నిమిషానికి 128 దెబ్బలు అన్నాడు. బాబాయి తలూపాడు. "హాయిగా ఉందిరా దీంతో వాయించడం" అన్నాడు నాతో. "పరిగెత్తదు, జారదు. మనుషులతో వాయిస్తే ఎవడో ఒకడు చివరికి తోసేస్తాడు, వాణ్ని పట్టుకోవడానికే సగం సత్తువ పోతుంది. ఇది నిలబడి ఉంటుంది, మనం దాని చుట్టూ తిరగొచ్చు." నేను మెషీన్ మీద మొదలెట్టబోతే అడ్డుపడ్డాడు. "మెషీన్‌దేం తప్పురా? దాని పక్కన నాకొక కుర్చీ వెయ్యకపోవడం వాళ్ల తప్పు."

ఆ మాట తర్వాతే నేను ది ఎండ్ ఆల్బమ్‌ని మళ్లీ విన్నాను. అంతవరకూ నాకూ ఎలెఫంకే అసలైనది, ఇది వ్యాపారం అనే ఉండేది. విల్ ఐ యామ్ చేస్తున్నది మొదట్నుంచీ ఒకటే పని. ఎక్కడ మంచి చప్పుడు వినిపించినా తెచ్చి పక్కన కుర్చీ వేస్తాడు. రాజా సార్ ముక్క, ఆశా గొంతు, మాయామాళవగౌళ గిటార్, టగాలోగ్ పల్లవి, చివరికి పారిస్ డీజే దరువు. హిప్‌హాప్ పుట్టిందే ఇద్దరి రికార్డులు కలిపి తిప్పడంలో. వదిలేసింది ఏమిటో నాకు అర్థం కాదు. పాటలన్నీ బాగున్నాయని కాదు నేననేది. ది ఎండ్‌లో సగం పాటలు ఇప్పుడు వింటే విసుగే. 2010లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ అయితే మొదటి నుంచీ విసుగే.

2010 జనవరిలో మూడు గ్రామీలు, ఆ వేసవిలో దక్షిణాఫ్రికా సొవెటోలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ప్రారంభ కచేరీ, 2011 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మధ్య విరామంలో ఒళ్లంతా లైట్లు కట్టుకుని ఆట. అక్కడి నుంచి కిందికే. విరామం అన్నారు, ఫెర్గీ తప్పుకుంది, 2018లో మిగిలిన ముగ్గురూ పాత ర్యాప్ పద్ధతిలో ఒక ఆల్బమ్ చేస్తే విమర్శకులు మెచ్చుకున్నారు, జనం కొనలేదు. 1998 కథే మళ్లీ.

బాబాయి ఇప్పుడు రికార్డింగులకు వెళ్లడు. ఆక్టోప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ము ఒకటి కొనుక్కుని కొన్నేళ్లు లైట్ మ్యూజిక్ ట్రూపులతో తిరిగాడు, మోకాళ్లు మొరాయించాక మానేశాడు. సాలిగ్రామం ఇల్లు అదే. ఆ మధ్య మా వాణ్ని తీసుకుని వెళితే, వాడు ఫోన్‌లో "రిత్మో" పెట్టుకుని హాల్లో గంతులేస్తున్నాడు. 2019లో కొలంబియా గాయకుడు జె బాల్విన్‌తో కలిసి బ్లాక్ ఐడ్ పీస్ చేసిన పాట, దాంతో మళ్లీ లేచారు. బాబాయి పేపర్ పక్కన పెట్టి కాసేపు విన్నాడు.

"ఇది వాళ్లేనా?"

"వాళ్లే బాబాయ్."

"ఈసారి ఎవరి ముక్క?"

కొరోనా అనే ఇటలీ గ్రూపుది, 1993 నాటి డ్యాన్స్ పాట అని చెప్పాను. మా వాడు ఆ పేరు వినగానే మాస్కు వెతుక్కున్నాడు. బాబాయి మళ్లీ పేపర్ తీసుకుంటూ అడిగాడు: "వాళ్లలో వాయించినవాళ్లకైనా డబ్బులొచ్చాయేమో కనుక్కో."